చెల్లెలికి పుర్రెలో ఒత్తిడి పెరిగింది: షుగర్ మందు ఎక్సెనటైడ్ పనికొస్తుందా?

ప్రశ్న: కృష్ణలంక

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి 27 ఏళ్లు. ఆరు నెలలుగా తలనొప్పితో బాధపడుతోంది. మొదట పార్శ్వనొప్పి అనుకొని మందుల షాపులో దొరికిన మాత్రలతోనే మూడు నెలలు గడిపేశాం. ఆ తర్వాత వంగి లేచినప్పుడల్లా కొన్ని క్షణాలు కళ్లకు చీకట్లు కమ్మడం, రాత్రి పడుకుంటే చెవిలో గుండె చప్పుడులాంటి హోరు వినిపించడం మొదలైంది. కళ్లజోడు మార్చాలేమోనని కంటి డాక్టరుకు చూపిస్తే, రెండు కళ్లలోనూ నరం ఉబ్బి ఉందని చెప్పి, అదే రోజు నరాల వైద్యుడి దగ్గరికి పంపించారు.

ఎంఆర్ఐలో కణితి ఏదీ లేదని, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టలేదని తేలింది. వెన్ను నుంచి నీరు తీసినప్పుడు ఒత్తిడి (నీటి మట్టం లెక్కలో) 34 సెంటీమీటర్లు ఉంది. జబ్బు పేరు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్, పొట్టిగా ఐఐహెచ్ అన్నారు. ఇప్పుడు డయామాక్స్ రోజుకు నాలుగు మాత్రలు, అంటే ఒక గ్రాము వేసుకుంటోంది. బరువు తగ్గమని గట్టిగా చెప్పారు. ఆమె ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. షుగర్ లేదు, బీపీ లేదు.

ఇంగ్లండులో ఉంటున్న మా పెదనాన్న గారి అబ్బాయి ఫోన్ చేసి, బర్మింగ్‌హామ్‌లో ఈ జబ్బుకు ఎక్సెనటైడ్ అనే షుగర్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారని, రెండున్నర గంటల్లోనే ఒత్తిడి తగ్గిందని చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆ ఇంజెక్షన్ ఎప్పుడు తెప్పిస్తావని నన్నే అడుగుతున్నారు. షుగర్ లేని మనిషికి షుగర్ మందు ఇస్తే ప్రమాదం కాదా? తలలో ఒత్తిడికీ ఆ మందుకూ సంబంధం ఏమిటి? డయామాక్స్ మానేసి దాన్ని వాడవచ్చా? తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: ఉక్కునగరం

కృష్ణలంక గారూ, నేను విశాఖలో కంటి వైద్యురాలిని. ఐఐహెచ్ రోగులను తరచుగా చూస్తుంటాను. మీ చెల్లెలిని స్వయంగా పరీక్షించలేదు కాబట్టి ఆమె చికిత్స గురించి తీర్పు చెప్పను. మీరు విన్న పరీక్ష గురించి మాత్రం వివరంగా చెప్పగలను, ఎందుకంటే మీ పెదనాన్న గారి అబ్బాయి చెప్పింది నిజమే, కాకపోతే సగం మాత్రమే చెప్పాడు.

ఆ పరీక్ష బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అలెగ్జాండ్రా సింక్లేర్ బృందం చేసింది. ఫలితాలు 2023లో బ్రెయిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఐఐహెచ్ ఉన్న 16 మంది స్త్రీలను తీసుకున్నారు, 15 మంది చివరిదాకా ఉన్నారు. వారిలో కొందరికి ఎక్సెనటైడ్, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఒత్తిడిని కొలిచిన పద్ధతి. మాటిమాటికీ వెన్నులో సూది గుచ్చే పని లేకుండా, పుర్రెలో ఒక చిన్న కొలత పరికరాన్ని అమర్చి, చర్మం బయటి నుంచే దాన్ని చదివారు. అందువల్లనే రెండున్నర గంటలకు ఎంత, 24 గంటలకు ఎంత, 12 వారాలకు ఎంత అని లెక్క చెప్పగలిగారు.

మొదట్లో ఆ స్త్రీలకు ఒత్తిడి సగటున 30 సెంటీమీటర్ల పైచిలుకు ఉంది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారితో పోలిస్తే, ఎక్సెనటైడ్ తీసుకున్నవారికి రెండున్నర గంటల్లో 5.7 సెంటీమీటర్లు, 24 గంటల్లో 6.4 సెంటీమీటర్లు, 12 వారాలకు 5.6 సెంటీమీటర్లు తగ్గింది. రెండున్నర గంటల్లో ఎవరి బరువూ తగ్గదు కదా. ఒత్తిడి తగ్గడానికి బరువుతో ప్రమేయం లేని మరో దారి ఉందని ఈ ఒక్క అంకె చెబుతోంది. నెలలో తలనొప్పి వచ్చే రోజులు కూడా మందు తీసుకున్నవారిలో సగటున 7.7 తగ్గితే, తీసుకోనివారిలో 1.5 మాత్రమే తగ్గాయి.

ఇక మిగిలిన సగం. పదిహేను మంది అంటే మా ఓపీలో ఒక ఉదయం కనబడే రోగుల కంటే తక్కువ. తలనొప్పి అంకెల్లో మనిషికీ మనిషికీ మధ్య తేడా సగటు కంటే ఎక్కువగా ఉంది, అంటే కొందరికి బాగా తగ్గింది, కొందరికి దాదాపు ఏమీ తగ్గలేదు. ఒక ఫలితం కాకతాళీయంగా వచ్చింది కాదని నమ్మడానికి మామూలుగా మేం పాటించే గీటు 0.05, అంకె దానికి లోపే ఉండాలి. 12 వారాల నాటి ఒత్తిడి ఫలితం 0.058 దగ్గర ఆగింది, కొద్దిలో తప్పింది. ఇంత చిన్న పరీక్షలో అది వింత కాదు. అయినా పెద్ద పరీక్షలో నిలుస్తుందా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఆ పెద్ద పరీక్ష మొదలైంది కూడా. ఆస్ట్రేలియాకు చెందిన ఇన్వెక్స్ థెరప్యూటిక్స్ సంస్థ ఎక్సెనటైడ్‌ను వారానికి ఒకసారి తీసుకునే రూపంలో ప్రెసెండిన్ అనే పేరుతో ఐఐహెచ్ మీదే మూడో దశ పరీక్ష ప్రారంభించి, 2023లోనే నిలిపివేసింది. అందువల్ల మనం ఎదురుచూసిన ఫలితం చేతికి రాలేదు.

మరొక మాట, ఇది మీ చెల్లెలికి నేరుగా సంబంధించింది. ఆ పరీక్షలోని స్త్రీల సగటు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 38. మీరు చెప్పిన ఎత్తు బరువుల ప్రకారం మీ చెల్లెలిది 28 లోపే. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్కవేస్తున్నాం కాబట్టి ఆమె బరువు తగ్గాలన్న సలహా సరైనదే. అయినా, అంత లావున్న వారిలో వచ్చిన ఫలితం ఈమెకూ అంతే మోతాదులో వస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

షుగర్ లేని మనిషికి ఇస్తే ప్రమాదం కాదా అని అడిగారు. ఈ జాతి మందులు రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను పెంచుతాయి. అందుకే ఇన్సులిన్ లేదా సల్ఫొనైల్‌యూరియా అనే రకం షుగర్ మాత్రలు వాడని మనిషిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇబ్బంది పెట్టేది వికారం, వాంతులు. తలలో ఒత్తిడి పెరిగినప్పుడు కూడా వాంతులే వస్తాయి కనుక, ఏది మందు వల్లనో, ఏది జబ్బు వల్లనో తేల్చుకోవడం ఒక్కోసారి మాకే కష్టమవుతుంది.

డయామాక్స్ మానేయడం గురించి మాత్రం సందేహం లేకుండా చెబుతాను. మానవద్దు. ఉత్తర అమెరికాలో 165 మంది ఐఐహెచ్ రోగుల మీద ఆరు నెలలు జరిగి, 2014లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, తక్కువ ఉప్పుతో బరువు తగ్గే ఆహారానికి ఈ మందును జోడించినవారికి చూపు పరిధి మెరుగుపడింది. అక్కడ రోజుకు 4 గ్రాముల దాకా కూడా వెళ్లారు. ఒక గ్రాము చాలకపోతే మోతాదు పెంచడానికి ఇంకా చోటు ఉందని మీకు తెలియడం మంచిది. పెంచాలా వద్దా అన్నది మీ వైద్యుడు రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు చూసుకొని నిర్ణయిస్తారు.

జవాబు: మాత్రలడబ్బా

నేను వైద్య కళాశాలలో ఔషధశాస్త్రం చెబుతాను. ఉక్కునగరం గారు పరీక్ష గురించి చెప్పారు కాబట్టి, షుగర్ మందుకూ తలకూ సంబంధం ఏమిటన్న ప్రశ్న నేను తీసుకుంటాను. విద్యార్థులకు చెబుతున్నప్పుడు నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది.

మెదడు చుట్టూ, దాని లోపలి గదుల్లోనూ ఉండే ద్రవం ఏ సమయంలో చూసినా 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. కానీ రోజు మొత్తంలో దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది, అంతే మోతాదులో పాతది రక్తంలోకి తిరిగి పోతుంది. అంటే రోజుకు మూడు నాలుగు సార్లు నీరు మారే తొట్టి అన్నమాట. ఇందులో ఎక్కువ భాగాన్ని ఊరించేది మెదడు గదుల్లో కుచ్చులా వేలాడే కోరాయిడ్ ప్లెక్సస్ అనే కణజాలం. అక్కడి కణాలు సోడియాన్ని ఒక వైపు నుంచి మరో వైపుకు తోడుతాయి, సోడియం వెంట నీరు వస్తుంది. ఉప్పును తోడే పంపును నెమ్మదింపజేస్తే నీరు ఊరడం తగ్గుతుంది.

జీఎల్‌పీ-1 అనేది భోజనం చేశాక పేగుల నుంచి విడుదలయ్యే హార్మోను. ఇది క్లోమానికి ఇన్సులిన్ సంకేతం ఇవ్వడంతోపాటు మూత్రపిండాల్లో సోడియం తిరిగి పీల్చుకోబడడాన్ని తగ్గిస్తుంది, దానివల్ల మూత్రం ద్వారా ఉప్పు ఎక్కువగా పోతుంది. మూత్రపిండంలో సోడియం నడకను మార్చే సంకేతం, సోడియాన్నే తోడే కోరాయిడ్ ప్లెక్సస్‌లో ఏం చేస్తుంది? బర్మింగ్‌హామ్ బృందం వేసుకున్న ప్రశ్న ఇదే. వెతికితే అక్కడ కూడా జీఎల్‌పీ-1 గ్రాహకాలు, అంటే ఆ హార్మోను సంకేతాన్ని అందుకునే తావులు, కనిపించాయి. ఎక్సెనటైడ్ తగలగానే సోడియం పంపు పని మందగించింది. తలలో ఒత్తిడి పెంచిన ఎలుకలకు మందు ఇచ్చినప్పుడు ఒత్తిడి గణనీయంగా పడిపోయింది. ఈ ఫలితాలు 2017లో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆరేళ్ల తర్వాత వచ్చిన మనుషుల పరీక్ష దీనికి కొనసాగింపే.

డయామాక్స్ కూడా ఇదే కోరాయిడ్ ప్లెక్సస్ మీద పనిచేస్తుంది, కాకపోతే వేరే తలుపు నుంచి. అది కార్బానిక్ అన్‌హైడ్రేస్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. కాబట్టి సిద్ధాంతపరంగా ఈ రెండు మందులూ ఒకదానికొకటి తోడుగా ఉండవచ్చు. సిద్ధాంతపరంగా అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కాగితం మీద చక్కగా కలిసిన మందులు మనిషి ఒంట్లో కలహించిన సందర్భాలు మా శాస్త్రంలో కోకొల్లలు.

ఎక్సెనటైడ్ పుట్టుక సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అమెరికా నైరుతి ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ జాన్ ఎంగ్ దాని విషంలో మన జీఎల్‌పీ-1ను పోలిన ఒక పదార్థాన్ని కనుగొన్నారు. మన శరీరంలోని జీఎల్‌పీ-1 రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది, బల్లిది గంటల తరబడి నిలుస్తుంది. దాని నకలును ప్రయోగశాలలో తయారుచేసి 2005లో అమెరికాలో బయెట్టా అనే పేరుతో షుగర్ మందుగా అనుమతించారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ బల్లి సంగతి చెప్పకపోవడమే మంచిది. మా అమ్మకు చెబితే వారం రోజులు షుగర్ మాత్రలు కూడా ముట్టుకోలేదు.

జవాబు: తెల్లారుజాము

కృష్ణలంక గారికి నమస్కారం. నేను ఈ జబ్బుతో మూడేళ్లు గడిపినదాన్ని. మాది రాజమండ్రి. వైద్యం గురించి ఇద్దరు చెప్పారు కాబట్టి ఇంట్లో ఉండేవారికి తెలియాల్సిన రెండు మూడు విషయాలు రాస్తాను.

డయామాక్స్ మొదలుపెట్టాక వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కి చీమలు పాకినట్టుంటాయి. సోడా, కూల్‌డ్రింకుల్లాంటివి నోటికి చప్పగా, ఇనుము నాకినట్టు తగులుతాయి. ఇది తెలియక నేను పక్షవాతం వస్తోందని భయపడి ఒక రాత్రంతా ఏడ్చాను. మీ చెల్లెలికి ముందే చెప్పండి. వెన్ను నుంచి నీరు తీస్తే నడుము పడిపోతుందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నాకు రెండుసార్లు తీశారు, తర్వాత రెండు రోజులు లేచి కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే తగ్గేది, అంతే.

నాకు ఎక్కువ చెడు చేసింది నొప్పి మాత్రలు. తలనొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుంటూ పోతే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితికి చేరుకున్నానని నా వైద్యురాలు లెక్క రాయించి చూపించారు. మూడు నెలలు గడిపేశాం అని మీరు రాశారు కాబట్టి, ఆమె నెలకు ఎన్ని మాత్రలు మింగిందో ఒక కాగితం మీద రాసి వైద్యుడికి చూపించండి.

జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ల గురించి నేనూ అడిగాను. అప్పటికి మేము పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. గర్భం అనుకునేవారు ఈ మందులు వాడకూడదని, సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే ఆపాలని చెప్పి ఆ మాట పక్కనపెట్టారు. కొందరికి ఈ జబ్బులో ఇచ్చే టోపిరమేట్ కూడా గర్భంలోని బిడ్డకు మంచిది కాదట. ఇరవై ఏడేళ్ల ఆడపిల్ల అంటున్నారు కనుక, పెళ్లి మాటలు జరుగుతున్నా, పెళ్లయి ఉన్నా, ఆ సంగతి మీరో మీ అమ్మగారో వైద్యుడితో దాపరికం లేకుండా మాట్లాడాలి. అన్నయ్య అడగడానికి మొహమాటపడే విషయమే, అయినా అడగాలి.

నేను ఉప్పు తగ్గించి, రాత్రి అన్నం మానేసి, రోజూ గోదారి గట్టు మీద గంట నడిచి పద్నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. నరం వాపు పోయింది. తలనొప్పి మాత్రం పూర్తిగా పోలేదు, నెలకు నాలుగైదు రోజులు ఉంటుంది.

స్పందన: కృష్ణలంక

ముగ్గురికీ కృతజ్ఞతలు. డయామాక్స్ ఆపము. బల్లి సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి వచ్చే ఏడాది పెళ్లి అనుకుంటున్నాం, ఆ విషయం అమ్మ చేత అడిగిస్తాను. ఇంకొక్క సందేహం ఉంది. మా ఊరి మందుల షాపతను ఎక్సెనటైడ్ తెలియదు గానీ, అదే జాతికి చెందిన సెమాగ్లూటైడ్ మాత్రలు ఉన్నాయని, బరువూ తగ్గుతుంది, తలనొప్పీ తగ్గుతుంది అని అంటున్నాడు. రెండూ ఒకే జాతి అయినప్పుడు దానితో మొదలుపెడితే తప్పేమిటి?

జవాబు: ఉక్కునగరం

తప్పు ఎక్కడుందో చెబుతాను. ఒత్తిడి గంటల్లో తగ్గిందన్న ఆ పరీక్ష ఎక్సెనటైడ్ ఇంజెక్షన్‌తో జరిగింది. సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటివాటితో ఐఐహెచ్ రోగుల మీద వచ్చిన సమాచారంలో ఎక్కువ భాగం ఆసుపత్రుల రికార్డులను వెనక్కి తిరగేసి చూసినదే. 2025లో జామా న్యూరాలజీలో వచ్చిన అటువంటి అధ్యయనంలో ఈ జాతి మందులు వాడిన ఐఐహెచ్ రోగులకు తలనొప్పి, కంటి నరం వాపు తక్కువగా నమోదయ్యాయి. ఆశ కలిగించే మాటే. కానీ ఆ మందు ఎవరికి ఇవ్వాలో అక్కడి వైద్యులే ఎంచుకున్నారు, చీటీ వేసి పంచలేదు. మందు వల్ల తగ్గిందా, బరువు వల్ల తగ్గిందా, మందు కొనుక్కోగలిగిన స్తోమత ఉన్నవారికి మిగతా వైద్యం కూడా బాగా అందడం వల్ల తగ్గిందా అన్నది రికార్డులు విడదీసి చెప్పలేవు.

కంటి వైద్యురాలిగా నాకున్న జంకు వేరే ఉంది. సెమాగ్లూటైడ్ వాడేవారిలో చాలా అరుదుగా కంటి నరానికి రక్తప్రసరణ ఆగి, ఒక్కసారిగా చూపు పోయే నయాన్ అనే స్థితి రావచ్చని 2025 జూన్‌లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ నిపుణుల సంఘం తేల్చింది. వారు చెప్పిన లెక్క పదివేల మందిలో ఒకరి దాకా. చాలా తక్కువే, నేను దాన్ని చూపించి ఎవరినీ భయపెట్టను. కానీ ఇప్పటికే నరం వాచి ఉన్న కంటిలో ఉన్నట్టుండి చూపు మసకబారితే, అది తలలోని ఒత్తిడి వల్లనా, ఈ అరుదైన ప్రమాదం వల్లనా అని వెంటనే తేల్చవలసి వస్తుంది. ఆ పని షాపతను చేయలేడు. అందుకని ఈ మందు మొదలుపెట్టవలసి వస్తే, నరాల వైద్యుడు, కంటి వైద్యుడు, హార్మోన్ల వైద్యుడు కలిసి, మొదటి రోజే చూపు పరిధి పరీక్ష, కంటి నరం వాపును కొలిచే ఓసీటీ స్కాన్ తీసి దాచుకున్నాకనే మొదలుపెట్టాలి.

అసలు బరువు ఎంత తగ్గాలి అన్నది కూడా మీరు అడగవలసిన ప్రశ్నే. 2018లో బ్రిటన్ నిపుణులు రూపొందించిన మార్గదర్శకాలు, జబ్బు శాంతించడానికి బరువులో 15 శాతం దాకా తగ్గవలసి రావచ్చని చెప్పాయి. మీ చెల్లెలికి అది పది, పదకొండు కిలోలు. తెల్లారుజాము గారు తగ్గించిన బరువు కూడా దాదాపు అంతే. బీఎంఐ 35 దాటిన 66 మంది స్త్రీల మీద బ్రిటన్‌లోనే జరిగిన మరో పరీక్షలో, సాధారణ బరువు తగ్గింపు కార్యక్రమం కంటే బేరియాట్రిక్ శస్త్రచికిత్స, అంటే బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్, ఏడాదికి తలలో ఒత్తిడిని ఎక్కువగా తగ్గించింది. మీ చెల్లెలికి ఆ శస్త్రచికిత్స అవసరం ఉందని నేను అనను. బరువుకూ ఒత్తిడికీ ఉన్న ముడి ఎంత గట్టిదో తెలుస్తుందని చెబుతున్నాను. రేపు ఆమె వైద్యుడు బరువు కోసం జీఎల్‌పీ-1 మందు రాస్తే, దాన్ని బరువు మందుగానే భావించి, పెళ్లి తేదీని, పిల్లల ఆలోచనను దగ్గర పెట్టుకొని మాట్లాడండి.

తర్వాతిసారి వెళ్లినప్పుడు చూపు పరిధి పరీక్ష మళ్లీ ఎప్పుడు చేస్తారని, మొదటి నివేదికతో పోలిస్తే ఏ కంటిలో ఎంత మారిందని అడగండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. చూపు ఉన్నట్టుండి మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, చీకట్లు కమ్మడం మునుపటి కంటే ఎక్కువసేపు ఉన్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదే రోజు కంటి ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

స్పందన: కృష్ణలంక

అలాగే డాక్టరు గారూ. వచ్చే గురువారం పరీక్ష ఉంది. పాత నివేదికను ఇప్పుడే సంచిలో పెట్టాను, మాత్రల లెక్క కాగితం చెల్లెలే రాస్తోంది.